కుంగుడు కుంట బాతుల మస్టరు

లింగమూర్తి రిటైరై నాలుగేళ్లయినా ఇంకా డ్యూటీ దిగలేదు. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దారుగా ఉన్నన్నాళ్లూ ఆయన కింద ఒక షిఫ్టు మనుషులుండేవారు. ఇప్పుడు దొడ్డి నిండా బాతులున్నాయి. మనుషుల కన్నా బాతులే నయమని ఆయన నలుగురిలో బాహాటంగా అంటాడు. బాతులు తంబాకు నలుపుతూ కూర్చోవట, యూనియన్ ఆఫీసుకు పోయి కంప్లైంటు ఇవ్వవట. ఆ నలుగురిలో ఆయన కింద పనిచేసినవాళ్లే ముగ్గురుంటారు కాబట్టి ఆ మాట ఎప్పుడూ నవ్వులతోనే ముగుస్తుంది.

గోదావరిఖనిలో ఆయన ఉండే కాలనీ క్వార్టర్ల వెనక, ఎప్పుడో నేల కుంగి, వానలకు నీళ్లు నిలిచి చిన్న చెరువంత అయిన చోటు ఒకటుంది. దాన్ని అందరూ కుంగుడు కుంట అంటారు. పొద్దున ఫస్టు షిఫ్టు బస్సు హారన్ వినబడగానే లింగమూర్తి దొడ్డి తలుపు తీస్తాడు. బాతులు వరసగా నడిచి వెళ్లి కుంటలో దిగుతాయి. సాయంత్రం ఆయన గట్టు మీద నిలబడి ఇత్తడి సీటీ ఊదితే వరసగా ఒడ్డెక్కుతాయి. అప్పుడు మస్టరు మొదలవుతుంది. బాయిలో హాజరు పిలిచినట్టే, బాతులకు పెట్టుకున్న బాయి హోదాల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. ఓవర్‌మన్, ఫిట్టర్, పంపు ఖలాసీ, షాట్‌ఫైరర్... పిలిచిన బాతు పలికిందో, పక్కనున్నది పలికిందో ఆ దేవుడికే తెలియాలి. లింగమూర్తి మాత్రం తనకు తెలుసంటాడు.

అన్నిటికన్నా ముందు నడిచే తెల్ల బాతు పేరు మేనేజర్. దాని పేరు మాత్రం ఆఖరున పిలుస్తాడు. ఉద్యోగమంతా మేనేజర్ పిలిస్తే ఉరికిన మనిషి ఇప్పుడు మేనేజర్‌ను పిలిచి సంబరపడుతున్నాడని ఆయన భార్య పోశవ్వ అంటుంది.

అసలు ఆ బాతులు వచ్చింది పోశవ్వ పుణ్యాన్నే. రిటైరైన కొత్తలో లింగమూర్తిని చూడలేకపోయేవాళ్లు. తెల్లవారకముందే లేచి బూట్లు తుడుచుకుని, పోవడానికి చోటు లేక గడప మీద కూర్చునేవాడు. చేతికర్రతో కనబడిన గోడనల్లా కొట్టి చూసేవాడు. బాయిలో సర్దారు పని అదే కదా. పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు గట్టిగా వస్తే మనుషుల్ని లోపలికి పంపాలి, బోలుగా వస్తే ఆపేయాలి. అలా కొట్టి కొట్టి ఆయన వంటింటి కప్పు పెచ్చులూడగొట్టాక పోశవ్వకు ఓపిక నశించింది. సంతకు పోయి నాలుగు బాతు గుడ్లు తెచ్చి పొదిగే కోడి కింద పెట్టింది. వాటిలో ఒక్కటే పిల్లయింది. అది గుడ్డులోంచి బయటపడి కళ్లు తెరిచేసరికి ఎదురుగా వంగి చూస్తున్న లింగమూర్తి ముఖం కనబడింది. అంతే, ఆ పిల్ల ఆయన్ను వదల్లేదు. ఆయన పాన్‌డబ్బాకు పోతే పాన్‌డబ్బాకు, మంగలి దుకాణానికి పోతే మంగలి దుకాణానికి వెనకే నడిచింది. వెనక నడిచే ప్రాణి ఒకటి దొరికేసరికి ఆయన మళ్లీ మనిషిలో పడ్డాడు. మిగతా బాతులన్నీ తర్వాత కొన్నవి. మేనేజర్ మాత్రం ఆయనకు బాతు కాదు, ఇంట్లో మనిషి.

ఈ చలికాలం ఆ దొడ్డికి ఏదో అయింది.

ముందు ఫిట్టర్ పడింది. రెక్కలు వేలాడేసి, కల్లు తాగినవాడిలా తూలుతూ నడిచింది. రెట్ట ఆకుపచ్చగా పారింది. గింజలు పెడితే ముక్కు పెట్టి వదిలేసింది. రెండు రోజులకు చచ్చిపోయింది. దాని వెనకే పంపు ఖలాసీ అదే దారి పట్టింది.

బాయిలో ప్రమాదం జరిగితే ఎంక్వైరీ అయ్యేదాకా అక్కడి పూచికపుల్ల కూడా కదపకూడదు. లింగమూర్తి పంపు ఖలాసీ పడిన చోట నాలుగు మేకులు పాతి తాడు కట్టేశాడు. తాడు ఇవతల పోశవ్వ చీపురు పట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా, బాతు సచ్చిపాయె, నా వాకిలేం పాపం జేసింది? ఊడువనియ్యవా?"

"ఆగవే. ఎంక్వైరీ గావాలె."

"ఎవలు జేస్తరు ఎంక్వైరీ?"

"నేనే."

"సాక్షి ఎవలు?"

"నువ్వే."

"అయితే రాసుకో. నాకేం ఎర్కలేదు. ఇగ ఊడుస్త జరుగు," అని పోశవ్వ తాడు దాటి ఊడ్చేసింది.

ఎంక్వైరీ మాత్రం ఆగలేదు. కుక్క కరిచిందా అంటే గాటు లేదు. బొగ్గు దుమ్మా అంటే అది ఈ ఊళ్లో పుట్టినప్పటి నుంచీ అందరూ మింగుతున్నదే. ఎవరో ఏదో పెట్టి ఉండాలి. బాతులకు బయటివాళ్లు ఎవరు ఏం పెడుతున్నారు? ఈ ప్రశ్న దగ్గర లింగమూర్తి కర్ర టక్కున ఆగింది. ఇడ్లీలు!

ఆఫీసర్ల క్వార్టర్లలో ఉండే సుబ్రహ్మణ్యం అనే ఇంజినీరు భార్య రాజరాజేశ్వరి. వాళ్లది భీమవరం వైపు. ఆవిడ రోజూ సాయంత్రం కుంట గట్టు మీద నడవడానికి వస్తుంది. వచ్చేటప్పుడు పొద్దుటి ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని వస్తుంది. బాతులు ఆవిడ చేతిలోంచే తింటాయి. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో కుంటకు వచ్చే నీటిపిట్టలను కూడా ఆవిడ పలకరిస్తుంది. నడకకు వచ్చిన మనిషి నడవడం కన్నా నిలబడటమే ఎక్కువ.

లింగమూర్తి ఆదివారం దాకా ఆగాడు. నిజానికి ఆగాల్సిన పని లేదు. కానీ ఎంక్వైరీ అన్నాక నలుగురూ ఉండాలి. ఆదివారం సాయంత్రం కాలనీ కాలనీ అంతా గట్టు మీదే ఉంటుంది. మిర్చి బజ్జీల బండి, మరమరాల బొంగుల బండి, వాటి నడుమ శివ బెలూన్ల దుకాణం.

శివ పోశవ్వ తమ్ముడి కొడుకు. వారమంతా టిప్పర్ నడుపుతాడు, ఆదివారం ఈ దుకాణం పెడతాడు. కర్రల చట్రానికి రంగురంగుల బెలూన్లు కడతాడు. పది అడుగుల దూరంలో బల్ల మీద మూడు గాలి తుపాకులు. ఫస్టు షిఫ్టు వాళ్లు సెకండు షిఫ్టు వాళ్లతో పందెం కాస్తారు, మొగుళ్లు పెళ్లాలతో ఓడిపోతారు, తాతలు ఒక కన్ను మూయబోయి రెండూ మూస్తారు. కాలనీలో అంతకన్నా పెద్ద వినోదం లేదు.

ఆ దుకాణం అంత నిశ్చింతగా నడుస్తున్నదంటే అది లింగమూర్తి చలవే. మూడేళ్ల కింద మొదటిసారి పెట్టినప్పుడు శివ బెలూన్ల చట్రాన్ని పాత గోడకు ఆనించాడు. లింగమూర్తి అటు రానే వచ్చాడు, కర్రతో గోడను కొట్టనే కొట్టాడు.

"గిదేం దిక్కురా శివా? గోడకు తాకి ఛర్ర ఎన్కకు ఎగిరితే? గా పోరగాండ్లు గిటే ఉరుకుతరు. ఎవనికన్న కండ్లల్ల తాకితే ఎవడు దిక్కు?"

"మరి ఎట్ల జెయ్యాలె మామా?"

"నీళ్ల దిక్కు తిప్పు. అటు మనిషి ఉండడు, గోడ ఉండదు. ఎన్ని కొట్టినా కుంటల పడి మునుగుతయి. సేఫ్టీ అంటే గది."

శివ తిప్పాడు. ఆ వేళ నుంచి తుపాకుల్లోంచి వెళ్లే సీసం ఛర్రలన్నీ, తగిలినవీ తగలనివీ, కుంటలోకే పోతున్నాయి. ఒక్క పిల్లవాడికి గీత పడలేదు. బాయిలో జరిగే రక్షణ పక్షోత్సవాల్లో ఒకసారి స్టీలు డబ్బా బహుమతిగా గెలిచిన లింగమూర్తి, ఆ సలహాను రెండో బహుమతికి తగినదిగా లెక్కేసుకున్నాడు. దుకాణం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు.

ఆ ఆదివారం రాజరాజేశ్వరి డబ్బా మూత తీయగానే లింగమూర్తి కర్ర అడ్డం పెట్టాడు.

"మేడమ్, ఇగ బంద్ జెయ్యిండ్రి. మీ ఇడ్లీలే నా బాతులను పొట్టన పెట్టుకున్నయి."

ఆవిడ తెల్లబోయింది. "అయ్యో, అదేంటండీ లింగమూర్తిగారూ! ఆ ఇడ్లీలు తినే కదండీ మా ఆయన ఇరవై రెండేళ్లుగా బతికున్నారు."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వు లేకపోతే లింగమూర్తి అక్కడితో ఆగేవాడేమో. నవ్వేసరికి గొంతు పెరిగింది.

"సారుకు అరుగుతయేమో. పులిసిన పిండి బాతుకు అరుగుతదా? ఫిట్టరు వాయె, పంపు ఖలాసీ వాయె. మీకు టైంపాస్, నాకు పానం. రేపటి సంది కుంట కాడికి డబ్బా పట్టుకొని రావద్దు."

రాజరాజేశ్వరి డబ్బా మూత పెట్టింది. మూత సరిగా పడలేదు, మళ్లీ పెట్టింది. "నేను వాటికి చెడు చేస్తానా అండీ," అని మాత్రం అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బాతులు ఆవిడ వెనక కొంతదూరం నడిచాయి. మేనేజర్ అందరికన్నా ఎక్కువ దూరం నడిచింది. పోశవ్వ ఇంటికి వచ్చాక మొగుడికి చాయ్‌లో చక్కెర వేయడం మానేసింది.

ఇడ్లీలు ఆగాయి, చావులు ఆగలేదు. బుధవారం షాట్‌ఫైరర్ కుంట అంచున మెడ వాల్చి పడి ఉంది. ఆ సాయంత్రం లింగమూర్తి సీటీ ఊదాడు, పేర్లు పిలిచాడు. ఆఖరున "మేనేజర్" అన్నాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. నీళ్ల అంచున తెల్లగా ఏదో కదిలింది. మేనేజర్ ఒడ్డెక్కబోయి, పక్కకు ఒరిగి, రెక్క నేలకు ఆనించి కూర్చుండిపోయింది. దాని కళ్లు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

బాయిలో కప్పు కూలుతుంటే మనుషుల్ని బయటికి తోసిన చేతులతోనే లింగమూర్తి ఆ బాతును ఎత్తుకున్నాడు. భుజం మీది తువ్వాలలో మేనేజర్‌ను చుట్టి, ఎంక్వైరీకి పనికొస్తుందని చచ్చిన షాట్‌ఫైరర్‌ను సంచిలో వేసుకుని, రోడ్డు మీదికి వచ్చాడు. ఆటోవాళ్లు బాతును చూసి ఆగకుండా పోతున్నారు. పశువుల దవాఖాన ఇంకాసేపట్లో మూసేస్తారు.

ఒక కారు వచ్చి ఆగింది. అద్దం దించి రాజరాజేశ్వరి చూసింది. ఆయన ముఖం చూసింది, తువ్వాల చూసింది. ఇంకేం అడగలేదు.

"ఎక్కండి."

"సంచిల సచ్చిన బాతున్నది మేడమ్. మీ కారు..."

"ఎక్కండి అంటుంటే!"

ఎక్కాడు. తాను ఎవరినైతే నలుగురిలో నానా మాటలూ అన్నాడో ఆవిడ పక్క సీట్లో, ఒళ్లో బాతు, కాళ్ల దగ్గర శవం పెట్టుకుని కూర్చోవడం లింగమూర్తికి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. గేరు మార్చినప్పుడల్లా ఆవిడ ఎడమ చేయి వచ్చి మేనేజర్ తల మీద ఒకసారి ఆగి వెళ్లింది. మేనేజర్ ఆ చేతిని గుర్తుపట్టి ముక్కుతో వెతికింది. ఇడ్లీ కోసమే.

దవాఖానలో డాక్టర్ మమత చిన్న వయసు మనిషి, మంచిర్యాల పిల్ల. మేనేజర్ రొమ్ము తడిమి, కళ్ల రెప్పలు ఎత్తి చూసి, ఆకుపచ్చ రెట్టను చూసి ఆలోచనలో పడింది. షాట్‌ఫైరర్‌ను బల్ల మీద పెట్టి కోసింది. కందనకాయ బయటికి తీసి, దాన్ని రెండుగా చీల్చి, పళ్లెంలో కడిగింది. ఇసుక, సన్నరాళ్లతో పాటు పళ్లెంలో ఏవో టకటకమని పడ్డాయి. బూడిద రంగులో ఉన్నాయి, అంచులు అరిగిపోయాయి. ఒకటి మాత్రం ఇంకా అంతగా అరగలేదు. నడుము సన్నగా, ఒక వైపు బోలుగా ఉంది.

"సీసం," అంది మమత. "వీటికి పండ్లుండవు గద కాకా. గింజ అరగాలంటే సన్నరాళ్లు ఏరుకొని మింగుతయి. అవి కందనకాయల ఉండి ఇసుర్రాయి లెక్క గింజను నూరుతయి. గివి గూడ రాళ్లే అనుకొని మింగినయి. రాయి అరిగితే ఏం గాదు. సీసం అరిగితే నెత్తుర్ల కలుస్తది, నరాలు పట్టేస్తది. గిసోంటివి నాలుగైదు చాలు, బాతు పానం పోవటానికి."

"మరి మూడేండ్ల సంది లేనిది..." అన్నాడు లింగమూర్తి. ఎందుకు మూడేళ్లన్నాడో తనకే తెలియలేదు, నోటికి వచ్చేసింది.

"కుంటల నీళ్లు తగ్గినయా ఈసారి?"

తగ్గాయి. ఈ ఏడు వానలు సరిగా లేక కుంట అంచులు బురదతేలి ఉన్నాయి. బాతులు రోజంతా ఆ బురదలోనే ముక్కులు పెట్టి తవ్వుతున్నాయి.

"అంతేనేమో. లోపల మునిగినయి ఇప్పుడు వాటి ముక్కుకు అందినయి. ఆ కాడ ఎవలన్న వేటకు తుపాకీ కొడుతరా?"

"లేదండీ, అక్కడ తుపాకులెవరు కాలుస్తారు, ఆదివారం పూట బెలూన్ల..." అని రాజరాజేశ్వరి ఠక్కున ఆగిపోయింది. దుకాణం నీళ్లవైపు ఎందుకు తిరిగిందో కాలనీలో తెలియనివాళ్లు లేరు. లింగమూర్తే అందరికీ చెప్పుకున్నాడు. ఆవిడ తల దించుకుని పళ్లెం వంక చూసింది.

లింగమూర్తి ఆ అరగని ఛర్రను వేళ్లతో ఎత్తి చూశాడు. ఎంక్వైరీ అయిపోయింది. దోషి దొరికాడు. దోషి బూట్లు తుడుచుకుని, మీసం దువ్వుకుని, కర్ర పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు.

మమత మేనేజర్ గొంతులోకి సన్నటి గొట్టం దించి, తల కిందికి వంచి, నీళ్లతో కడిగి కడిగి లోపలి ఛర్రలను కక్కించింది. రెండు పడ్డాయి. సీసాన్ని ఒంట్లోంచి లాగే ఇంజెక్షన్ కరీంనగర్ నుంచి తెప్పిస్తానంది. కొన్నాళ్లు దవాఖానలోనే ఉండాలంది, బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేనంది. మిగతావాటిని కుంటలోకి వదలొద్దంది, ఆ గుడ్లు కూడా తినొద్దంది. "మీ బాతులే గాదు, చలికాలం వచ్చే పిట్టల సంగతి గూడ గంతే. వాటిని దవాఖానకు తెచ్చేటోళ్లు ఉండరు, గంతే తేడా."

తిరుగు దారిలో లింగమూర్తి ఖాళీ తువ్వాలను ఒళ్లో మడత పెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. కాలనీ మలుపు దగ్గర నోరు తెరిచాడు. "మేడమ్... ఇడ్లీల ముచ్చట..."

"ఇప్పుడొద్దులెండి," అంది రాజరాజేశ్వరి. "ముందు దాన్ని బతకనివ్వండి."

దొడ్డిలో బాతులకు లే-ఆఫ్ ప్రకటించారు. కుంట బదులు పోశవ్వ పాత డ్రమ్ము కోయించి నీళ్లు పోసింది. అవి ఆ నీళ్లలో కాళ్లు కూడా పెట్టకుండా తలుపు దగ్గర గుంపు కట్టి పొద్దస్తమానం అరిచాయి. ఓవర్‌మన్ నాయకత్వంలో సమ్మె నోటీసు ఇచ్చినట్టే ఉంది. పక్క క్వార్టర్ల వాళ్లు కిటికీలు మూసుకున్నారు. లింగమూర్తి రోజూ పొద్దున బస్సెక్కి దవాఖానకు పోయి, సాయంత్రం దాకా మేనేజర్ పంజరం ముందు కూర్చుని, తిరిగి వచ్చి అన్నం కెలికి లేచేవాడు.

"నువ్వు గూడ సీసం మింగినవా ఏంది?" అంది పోశవ్వ మూడో రోజున.

"మింగినట్టే ఉన్నదే," అన్నాడు. "ఆదివారం గట్టు మీదికి రా. అందరి ముంగట చెప్పాలె."

"చెప్పు. చెప్పినంక ఆమెకు గూడ చెప్పు," అని పోశవ్వ ఆ పూట చాయ్‌లో చక్కెర వేసింది.

ఆదివారం సాయంత్రం శివ బెలూన్లు ఊదుతుండగా లింగమూర్తి వచ్చి బల్ల మీద కర్ర పెట్టాడు. తుపాకుల పక్కన ఒక కాగితం పొట్లం విప్పాడు. అరిగిన ఛర్రలు. సీటీ తీసి గట్టిగా ఊదాడు. బజ్జీలు తినేవాళ్లు, నడిచేవాళ్లు, అందరూ తిరిగి చూశారు. బాతులు లేకుండా ఈయన సీటీ ఎందుకు ఊదాడా అని దగ్గరికి వచ్చారు.

"ఎంక్వైరీ రిపోర్టు," అన్నాడు లింగమూర్తి. గొంతు సవరించుకున్నాడు. "నా బాతుల కందనకాయల గివి దొరికినయి. గాలి తుపాకి ఛర్రలు. సీసం. గివి మింగే ఫిట్టరు, పంపు ఖలాసీ, షాట్‌ఫైరరు సచ్చినయి. మేనేజర్ దవాఖానల ఉన్నది."

శివ చేతిలో బెలూన్ గాలి పోయి తుస్సుమంది. "మామా, నా దుకాణమే గద. తప్పు నాది. ఇయ్యాల్నే తీసేస్త."

"దుకాణం నీది. నీళ్ల దిక్కు తిప్పించింది నేను. నువ్వు గోడకే పెట్టినవ్. నేనే తిప్పించి, మూడేండ్లు మీసం దువ్వుకున్న. పోరగాండ్లకు తాకద్దని చూసిన గని, నీళ్లల్ల గూడ పానాలు ఉంటయని చూడలే." జనంలో వెనక వరసలో నిలబడి ఉన్న రాజరాజేశ్వరి వైపు తిరిగాడు. కర్ర లేకుండా నిలబడటం ఆయనకు అలవాటు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి జోడించాడు. "మేడమ్, నలుగురిల అన్న మాట నలుగురిలనే ఎన్కకు తీసుకోవాలె. మీ ఇడ్లీలల్ల ఏం తప్పు లేదు. నా సేఫ్టీలనే తప్పున్నది. నన్ను మాఫ్ జెయ్యిండ్రి."

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "సరేలెండి. ఆ బురద సంగతి చూడండి ముందు."

బురద సంగతి చూడటం చెప్పినంత తేలిక కాలేదు. శివ మర్నాడే వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడి దగ్గర బండి చక్రమంత అయస్కాంతం తెచ్చి, తాడు కట్టి కుంట అంచున బురదలో లాగాడు. మేకులు వచ్చాయి, సోడా మూతలు వచ్చాయి, ఎవరిదో సైకిల్ బెల్లు వచ్చింది. ఒక్క ఛర్ర రాలేదు. సీసం అయస్కాంతానికి అంటదని అప్పుడు తెలిసింది. సైకిల్ బెల్లు తనదేనని, అది పోయి ఆరేళ్లయిందని బొంగుల బండి ఉపేందర్ గొడవ పెట్టుకుని తీసుకుపోయాడు.

ఇక మిగిలింది పాత పద్ధతి. లింగమూర్తి కాలనీలో రిటైరైనవాళ్ల ఇళ్ల తలుపులు తట్టాడు. ఒకప్పుడు తట్టలతో బొగ్గు ఎత్తినవాళ్లు, మోకాళ్ల నొప్పులతో టీవీల ముందు కూర్చున్నవాళ్లు. "ప్లే డే డ్యూటీ ఉన్నది, వస్తరా?" అన్నాడు. ప్లే డే అంటే సెలవురోజు పని, అంటే రెండింతల జీతం. ఈ డ్యూటీకి జీతం ఏంటని ఒకరు అడిగారు. మిర్చి బజ్జీలన్నాడు. మోకాళ్ల నొప్పులు ఎటుపోయాయో, పొద్దు పొడిచేసరికి తట్టలు, పారలు పట్టుకుని గట్టు మీద దిగారు. బెలూన్ల చట్రం వెనక, ఛర్రలు పడే మేర బురదను ఎత్తారు. డాక్టర్ మమత పంపిన రబ్బరు తొడుగులు వేసుకుని ఆడవాళ్లు దాన్ని జల్లెడలో పోసి నీళ్లతో కడిగారు. పోశవ్వ జల్లెడ పడుతుంటే రాజరాజేశ్వరి నీళ్లు పోసింది. "మేడమ్, మీరు బట్టలు ఖరాబ్ చేసుకోకుండ్రి," అంటే, "మాదీ చేపల చెరువుల ఊరేనండీ, బురద నాకు కొత్తా," అని చీర కొంగు దోపింది. ఛర్రలు చిన్నచిన్నగా చేరి చేరి, రక్షణ పక్షోత్సవాల స్టీలు డబ్బాలో సగం దాకా వచ్చాయి. డబ్బా బరువు చూసి ఎవరికీ నవ్వు రాలేదు.

అంచు బురదనంతా ఎత్తి జల్లెడ పట్టేసరికి నాలుగు ఆదివారాలు పట్టింది. పోశవ్వ బజ్జీలు వేసీ వేసీ విసిగిపోయింది. మూడో ఆదివారం మధ్యాహ్నం లింగమూర్తి చద్దన్నం ముద్ద చేతిలో పట్టుకుని, జల్లెడ పట్టిన మట్టి కుప్ప వంక చూస్తూ కూర్చున్నాడు. మెత్తని జిగురు మట్టి. చిన్నప్పుడు అలాంటి మట్టితో ఉండలు చేసి, ఎండబెట్టి, గులేరు అనే పంగలకర్రతో మామిడికాయలు కొట్టేవాళ్లు. ముద్ద కింద పెట్టి లేచాడు.

అలా శివ దుకాణం మారింది. గాలి తుపాకులు అమ్ముడుపోయాయి. బల్ల మీద ఇప్పుడు రబ్బరు గులేర్లు, పక్కన గంపలో ఎండబెట్టిన మట్టి ఉండలు. చట్రం నీళ్లవైపే ఉంది. ఉండ నీళ్లలో పడితే కరిగి మళ్లీ కుంట మట్టే అవుతుంది. తుపాకీ పట్టినవాళ్లకు గులేరు చేతకాదని ముందు అందరూ సణిగారు. మొదటి ఆదివారం రాజరాజేశ్వరి సరదాగా ఒకటి అందుకుని వరసగా ఐదు బెలూన్లు పేల్చింది. చిన్నతనంలో చేపల చెరువు మీద కొంగలను తోలే పని తనదేనని, మట్టి ఉండలతోనేనని, కొంగలకు తగలకుండా పక్కన కొట్టడం ఇంకా కష్టమని చెప్పింది. సుబ్రహ్మణ్యం సారు భార్య వంక కొత్తగా చూశాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె సంచి తానే మోశాడు.

మేనేజర్ నాలుగో వారంలో ఇంటికి వచ్చింది. మనిషి సగమై వచ్చింది, మనిషి అంటే బాతే. రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. నాలుగు అడుగులు వేసి కూర్చుంటోంది. ముద్దలు కలిపి నోట్లో పెడితే మింగుతోంది కానీ, దవాఖానలో చేరిన నాటి నుంచీ దాని గొంతు వినబడలేదు. ఇక అరవదేమోనని లింగమూర్తి పైకి అనలేదు. కర్ర పట్టుకుని గోడలు కొట్టడం మాత్రం మళ్లీ మొదలుపెట్టాడు.

డాక్టర్ మమత వచ్చి కుంట అంచు చూసి, జల్లెడ పట్టి చూసి, బాతులను వదలొచ్చని చెప్పిన రోజున లే-ఆఫ్ ఎత్తేశారు. ఫస్టు షిఫ్టు బస్సు హారన్ కొట్టగానే దొడ్డి తలుపు తెరుచుకుంది. సమ్మెలో ఉన్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి నీళ్లలో పడ్డాయి. నడి కుంటలో ఎక్కడి నుంచో వచ్చిన నీటిపిట్టలు కొన్ని ఈ రభసకు లేచి, ఒక చుట్టు చుట్టి మళ్లీ వాలాయి. మేనేజర్‌ను లింగమూర్తి చంకన పెట్టుకుని తీసుకెళ్లి అంచున వదిలాడు. అది రోజంతా లోతు లేని చోట, ఆయన కనబడే మేర తిరిగింది.

సాయంత్రం గట్టు మీద కాలనీ సగం ఉంది. ఎవరూ బజ్జీల కోసం వచ్చినట్టు లేరు. లింగమూర్తి సీటీ ఊదాడు. బాతులు ఒడ్డెక్కాయి. వాటి వెనక, ఎప్పుడూ ముందు నడిచేది ఆఖరున ఎక్కింది.

"ఓవర్‌మన్!"

ఓవర్‌మన్ గట్టిగా పలికింది. ఒక్కొక్క పేరూ పిలుచుకుంటూ పోయాడు. ఫిట్టర్ పేరు వచ్చేచోట, పంపు ఖలాసీ, షాట్‌ఫైరర్ పేర్లు వచ్చేచోట ఒక్కో క్షణం ఆగాడు. బాయిలో పోయినవాళ్ల పేర్ల దగ్గర అలాగే ఆగేవాళ్లు. ఇక ఒక్క పేరే మిగిలింది.

"మేనేజర్."

అది తల పక్కకు వంచి చూసింది. పలకలేదు.

"మేనేజర్," అన్నాడు మళ్లీ. పోశవ్వ వచ్చి పక్కన నిలబడింది.

మేనేజర్ కదిలింది. ఒక అడుగు, ఇంకో అడుగు. కూర్చోలేదు. లింగమూర్తి వంగి చేతులు చాచాడు. అది ఆయన చేతుల పక్కనుంచి, ఆయన కర్ర పక్కనుంచి, ఆయన్ను అసలు లెక్కచేయకుండా తూలుకుంటూ నడిచి వెళ్లి, రాజరాజేశ్వరి కాళ్ల దగ్గర ఆగింది. మెడ పైకెత్తి, ఆవిడ చేతిలోని సంచిని చూసి, వారాల తరబడి దాచుకున్న గొంతంతా పెట్టి అరిచింది. ఆ అరుపు గట్టు ఆ చివర దాకా వినబడింది. సంచిలో డబ్బా ఉంది. లింగమూర్తి వద్దన్న నాటి నుంచీ ఆవిడ ఆ డబ్బా మూత కుంట దగ్గర తీయలేదు.

రాజరాజేశ్వరి లింగమూర్తి వైపు చూసింది.

"తియ్యిండ్రి మేడమ్," అన్నాడు లింగమూర్తి. నవ్వుతున్నాడు, ముక్కు చీదుతున్నాడు, రెండూ ఒకేసారి. "మీ ఇడ్లీ పెట్టుండ్రి. మేనేజర్ డ్యూటీ ఎక్కింది."